నేరేడు రంగు నీలం కాదు

ఫోన్‌తో తీసిన ఫోటోను అమెరికాలో మేముండే నోవై ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టిన పావుగంటలోనే మెచ్చుకోళ్ళు మొదలయ్యాయి. "బ్లూ చాలా రిచ్‌గా ఉంది." "ఆంటీ, ఈ రాయల్ బ్లూ ఎక్కడ దొరుకుతుంది?" "నీలం పట్టుకి బంగారు అంచు, కాంబినేషన్ సూపర్." ఒక్కొక్కటీ చదివి ఫోన్‌ను బల్ల మీద బోర్లించాను.

మా చీర నీలం కాదు. మా ఇంట్లో నీలం చీరలు అమ్మలేదని కాదు. అమ్మారు. కానీ నీలమని చెప్పే అమ్మారు. ఇది నేరేడు.

మా తాతగారు పట్టు నూలుకి రంగు వేయించి, మగ్గాల మీద నేయించి, తన కొట్లోనే అమ్మేవారు. పడుగుకి ఒక ఎరుపు, పేకకి ఒక ముదురు నీలం. రెండూ అల్లుకున్న చోట బాగా పండిన నేరేడుపండు రంగు తేలేది. ఆ నీలం ఎవరైనా వేయగలరు. ఆ ఎరుపు మాత్రం మా రంగుల కాగుల దగ్గర పనిచేసిన ఒక్క పెద్దాయన చేతిలోనే ఉండేది. ఆయన దాన్ని ఎక్కడా రాసిపెట్టలేదు. ఊళ్ళో పెళ్ళిళ్ళకి ఆ రంగును మా ఇంటిపేరు పెట్టి అడిగేవారు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు, ఒక రంగుకి మన ఇంటిపేరు ఉండటం అందరిళ్ళలోనూ మామూలే అనుకునేదాన్ని.

కొట్లో ఒక నియమం ఉండేది. దీపం కింద చీర అమ్మకూడదు. కొనేవాళ్ళు చీర ఎంచుకున్నాక గుమాస్తా దాని కొంగును రెండు చేతులా ఎత్తి పట్టుకుని గుమ్మంలోకి వచ్చేవాడు. వాళ్ళు వీధిలో నిలబడి పగటి వెలుతురులో చూసేవారు. నచ్చకపోతే నమస్కారం పెట్టి వెళ్ళిపోవచ్చు. బాగా మబ్బు పట్టిన రోజున తాతగారు, "ఇవాళ రంగు తెలియదు, రేపు రండి" అని పంపేసేవారు. నాన్నగారి కాలంలో ఎదురుగా అద్దాలూ విద్యుద్దీపాలూ పెట్టి కొత్త దుకాణం వచ్చింది. అందులో అన్ని చీరలూ మెరిసేవి. జనం మెరిసేవాటి వైపు వెళ్ళారు. నాన్నగారు గుమ్మంలో చూపించడం మానలేదు. కొట్టు మూతపడింది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారట. ఇది జాలి కోసం చెప్పడం లేదు. మేము ఓడిపోయాం, నిజమే. తప్పు చేసి ఓడిపోలేదు.

ఆ రంగులో ఇప్పుడు మిగిలింది, నాకు తెలిసినంతవరకు, నా దగ్గరున్న ఈ ఒక్క చీర. అది కూడా మడతల దగ్గర చీలిపోతోంది. పాత పట్టు అంతే. విప్పిన ప్రతిసారీ మడత వెంబడి నాలుగు పోగులు తెగుతాయి. ఇంకొక్కసారి విప్పితే విప్పగలను, ఆ తర్వాత చుట్టి పెట్టేయాలి.

మా తెలుగు సంఘం ఈసారి వేసే ప్రత్యేక సంచికలో, ఒక్కో కుటుంబానికి ఒక్కో పేజీ ఇచ్చి తమ ఊరి చేతిపని గురించి ఫోటోతో సహా రాయమన్నారు. ఆ పేజీ కోసమే ఫోన్‌తో ఆ ఫోటో తీశాను, ఊరికే చూద్దామని గ్రూపులో పెట్టాను. అది అలాగే అచ్చయితే, ఆ చీర పోయాక ఆ రంగుకి లోకంలో మిగిలే ఒకే ఒక్క సాక్ష్యం నీలమని చెబుతుంది. అబద్ధపు సాక్ష్యం కన్నా సాక్ష్యం లేకపోవడమే నయం. పేజీ ఖాళీగా వదిలేసినా వదిలేస్తాను కానీ నీలం వేయనివ్వను అనుకున్నాను.

సంచిక పనులు చూసేది మా పాత గుమాస్తా కొడుకు. నాకన్నా పదేళ్ళు పెద్ద. ఇక్కడ ఒక కార్ల కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నారు. చెరువు ఒడ్డున ఇల్లు, ఎవరింట్లో శుభకార్యమైనా ముందు వరుసలో కుర్చీ. నేను కాంట్రాక్టు మీద కారు సీట్ల పరీక్షల ఫలితాలు రాసుకునే ఉద్యోగినిని. అయినా ఆయన నన్ను ఈ రోజుకీ వాళ్ళ నాన్న పిలిచినట్టే "అమ్మాయిగారూ" అని పిలుస్తారు. అందులో సగం గౌరవం, సగం ఎగతాళి. ఏది ఎంతో నేనెప్పుడూ కొలవలేదు.

ఫోన్ చేశారు. "అమ్మాయిగారూ, ఫోటో బ్రహ్మాండంగా ఉంది. అదే వేసేద్దామా?"

"అది నీలంగా ఉంది."

"ప్రింట్‌లో ఎవరు చూస్తారండీ?"

"మీరు చూడరా?"

"ఆదివారం పన్నెండింటికి ఫైల్స్ ప్రింటర్‌కి వెళ్ళిపోవాలి. ఈలోగా వేరేది పంపితే చూద్దాం," అన్నారు.

మా ఇంట్లో ఒక మంచి కెమెరా ఉంది. మావారు పక్షుల్ని తీద్దామని కొని, చలికి భయపడి బీరువాలో పెట్టారు. దానితో తీసినా నీలమే వచ్చింది. అప్పుడు మావారు దాని మెనూలో వెతికి అసలు సంగతి చెప్పారు. ఎరుపూ నీలం కలిసిన ఇలాంటి రంగుల దగ్గర కెమెరాలు తరచూ తడబడతాయట. పైగా కెమెరా ఫోటో తీసి ఊరుకోదు, తనకు తోచిన రంగు వేసి, మిగతా సమాచారం పారేసి, చిన్న ఫైలుగా చుట్టి మన చేతికిస్తుంది. అలా చేయొద్దని దానికి చెప్పవచ్చు. అప్పుడు తను చూసినదంతా చూసినట్టే 'రా' ఫైలుగా, అంటే ముడి ఫైలుగా, ఇస్తుంది. రంగు సంగతి మనం తేల్చుకోవాలి.

నాకు వెంటనే ముడిపట్టు గుర్తొచ్చింది. పురుగు దగ్గర్నుంచి వచ్చిన పట్టు బిరుసుగా, వెలసిపోయినట్టు ఉంటుంది. సబ్బునీళ్ళలో ఉడకబెట్టి జిగురు వదిలిస్తే కానీ దానికి రంగు అంటదు. ఎంతసేపు ఉడకాలో తెలిసినవాడి చేతిలోనే అది పట్టవుతుంది.

శనివారం పొద్దున గరాజ్ తలుపు పైకెత్తాను. బయట మంచు, పైన పలచని మబ్బు. గరాజ్ గుమ్మంలో బల్ల వేసి, తెల్ల దుప్పటి పరిచి, చీర విప్పాను. రెండు మడతల దగ్గర పోగులు విడిపోయిన చప్పుడు నాకు వినిపించింది. మావారికి వినిపించలేదట. రంగు సరిచూసుకోవడానికి ఒక బూడిదరంగు అట్టముక్కను పక్కన పెట్టి, వేళ్ళు కొంకర్లు పోయేదాకా ఫోటోలు తీశాను. తర్వాత చీరను మళ్ళీ మడవకుండా, పొడవాటి అట్టగొట్టానికి మెత్తని గుడ్డ చుట్టి, దాని మీద చుట్టేశాను. కొంగు మాత్రం పై పొరగా బయటికి కనిపించేలా ఉంచాను. ఇక విప్పేది లేదు.

ఆ ఉత్సాహంలో ఒక పొరపాటు చేశాను. రా ఫైళ్ళను ఉన్నవి ఉన్నట్టే గ్రూపులో పంపేశాను. ఎవరికీ తెరుచుకోలేదు. అందరికీ బూడిదరంగు డబ్బా, దాని కింద అంకెలూ అక్షరాలూ.

"ఆంటీ, ఇది ఓపెన్ అవ్వట్లేదు."

"నా ఫోన్ హ్యాంగ్ అయింది అక్కా."

చివరికి గుమాస్తా కొడుకుగారు రాశారు. "అమ్మాయిగారు కొట్టుకి తాళం వేసి, తాళంచెవి దగ్గర పెట్టుకుని, మనల్ని లోపలికి రమ్మంటున్నారు." దానికి నవ్వు బొమ్మలు వరసగా పడ్డాయి. మావారు కూడా ఒకటి పెట్టారు.

"మీరూనా?" అన్నాను.

"జోక్ బాగుంది మరి," అన్నారు.

అలా ఆ ఫైళ్ళు తెరిచి రంగు తేల్చే సాఫ్ట్‌వేర్ ఎంచుకునే పని నా మీద పడింది. మొదట కెమెరా కంపెనీవాళ్ళదే ఎక్కించాం. ఫైలు తెరవడానికి టీ కాచుకునేంత సమయం తీసుకుని, తెరిచాక మళ్ళీ అదే నీలం చూపించింది. కెమెరా లోపల ఎవరి అభిరుచి కూర్చుందో, బయట సాఫ్ట్‌వేర్‌లోనూ వారే కూర్చున్నారు.

రెండోది అందరూ వాడేది. నెలనెలా కడుతూ ఉండాలి. కట్టడం మానేస్తే మన ఫోటో మీద మనం చేసిన పని మనమే మార్చుకోలేం. నాకది నచ్చలేదు. సొంత గోడకి సున్నం వేసుకోవడానికి ఎవరికో అద్దె కట్టినట్టుంది అన్నాను. "అందరూ కడుతున్నారు," అన్నారు మావారు. అందరూ ఎదురు దుకాణానికీ వెళ్ళారు.

నేను ఆ మాట పైకి అనేలోగానే, నేను పంపిన ఫైలును గుమాస్తా కొడుకుగారే తన దగ్గరున్న ఆ సాఫ్ట్‌వేర్‌లో వేసి, రంగులన్నీ తనే సరిదిద్దే ఆటో మీట నొక్కి తిరిగి పంపారు. కింద ఒక గమనిక: "ఒక్క క్లిక్ అండి. చిరుగులు కూడా ఏఐతో తీసేశాను. కొత్త చీరలా ఉంది కదా."

నిజంగానే కొత్త చీరలా ఉంది. మడతల వెంట చీలికలు లేవు. వాటిమీద ఎక్కడిదో ఒక నునుపు పాకింది. దుప్పటి ధవళంగా మెరుస్తోంది. చీర రంగు ముందుకన్నా ఎక్కువ నీలమైంది. ఎదురు దుకాణం అద్దంలో పెట్టిన చీరలా ఉంది.

వెంటనే ఫోన్ చేశాను. "దయచేసి దీన్ని ఎక్కడా పెట్టకండి."

"అమ్మాయిగారూ, సంచికలో పేజీలన్నీ ఒకే లుక్‌లో ఉండాలని కమిటీ అనుకుంది. అన్నిటికీ అదే ఆటో కొడుతున్నాం. మీ ఒక్కరిదీ డల్‌గా ఉంటే బాగోదు కదా."

"మా ఒక్కరిదీ డల్‌గానే వేయండి. లేకపోతే ఖాళీ పేజీ వేయండి."

"ఖాళీ పేజీనా?" ఆయన నవ్వారు. "నాన్న చెప్పేవాడు, మీ తాతగారికి కోపమొస్తే ఇలాగే పొడిపొడిగా మాట్లాడేవారని."

"నాకు కోపం రాలేదు," అన్నాను. వచ్చింది.

మూడో సాఫ్ట్‌వేర్‌ను మావారు వెతికి చూపించారు. ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు తీరిక సమయాల్లో రాసి, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చని పెట్టినది. దానికి ఆటో మీటలాంటిది కనిపించలేదు. కుడిపక్కన ఒకదాని కింద ఒకటి జరిపే గీతలు. ప్రతిదీ మనల్నే అడుగుతుంది. నాకు సరిగ్గా అదే కావాలి. కానీ వద్దన్నాను.

"ఎందుకొద్దు?"

"ఊరికే వచ్చేది మా ఇంట్లో తీసుకోరు."

ఇది నేను సరదాకి చెప్పిన మాట కాదు. కొట్టు మూతపడుతున్న రోజుల్లో ఒక మిల్లు ఏజెంటు వచ్చి, మీ పేరు బోర్డు మీద ఉంచండి చాలు, సరుకంతా నేనే ఊరికే నింపుతాను అన్నాడు. నాన్నగారు అతనికి మజ్జిగ ఇప్పించి పంపేశారు. మర్నాడు బోర్డు నాన్నగారే దింపారు. నిచ్చెన నేను పట్టుకున్నాను. నాకు వారసత్వంగా వచ్చినవాటిలో చీర ఒకటి, ఇది ఒకటి.

మావారు మా వంశం గురించి వేళాకోళం చేస్తారనుకున్నాను. చేయలేదు. కాస్త ఆలోచించి అడిగారు. "మీ తాతగారు చీరని గుమ్మంలోకి తెచ్చి చూపించేవారు కదా. చూపించినందుకు డబ్బు తీసుకునేవారా?"

"చూపించడానికి డబ్బేమిటి?"

"కొనకుండా వెళ్ళిపోయినవాళ్ళ దగ్గర?"

"ఎవరి దగ్గరా తీసుకోలేదు."

"ఈ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళూ అంతే. గుమ్మంలో నిలబడి కొంగు ఎత్తి పట్టుకున్నారు. చూసుకోమంటున్నారు. నువ్వు వద్దంటే మీ తాతగారు చేసింది కూడా దానమే అన్నట్టు."

మావారు రైతుల ఇంట పుట్టారు. వంశాల గురించి ఆయనకు పెద్ద పట్టింపు లేదు. అందుకే కాబోలు కొన్ని నాకన్నా తిన్నగా కనిపిస్తాయి. సరే, ఎక్కించమన్నాను. ఎక్కించాక దాని పేజీలో ఒక అభ్యర్థన కంటపడింది. మా కెమెరా రకం రంగుల్ని వాళ్ళు ఇంకా సరిగా సరిచూడలేదట. ఆ కెమెరా ఉన్నవాళ్ళు ఎవరైనా పగటి వెలుతురులో తీసిన నమూనా ఫైళ్ళు పంపితే మేలు అని రాశారు. కుర్చీ ముందుకు లాక్కున్నాను. అయితే ఇది ఊరికే తీసుకోవడం కాదు. వాళ్ళకి లేనిది మా బీరువాలో ఉంది.

ఆ మధ్యాహ్నమంతా దానితో కుస్తీ పట్టాను. బూడిద అట్టముక్క మీద గుర్తు పెట్టి, ఇది బూడిదరంగు అని దానికి చెబితే మొదటి తెర తొలగింది. మంచు మీదనుంచి వచ్చిన నీలపు నీడ పోయింది. చీర నీలం దాటి ఊదాలోకి వచ్చింది. కానీ అది నేరేడు కాదు, వంకాయ. ఎరుపు గీత జరిపాను. దుప్పటి గులాబీ అయింది. వెనక్కి తెచ్చాను. చీర ఎరుపును ఒక్కదాన్నే వేరుగా పట్టుకునే చోటు ఎక్కడో లోపల దొరికింది. చుట్టిన గొట్టాన్ని కిటికీ పక్కన పెట్టుకుని, పైకి కనిపించే కొంగును, తెరను మార్చి మార్చి చూశాను. సాయంత్రానికి రెండూ ఒకటే అనిపించింది.

అప్పుడు పట్టుకుంది అసలు అనుమానం. ఈ చీర నా చేతికి వచ్చేటప్పటికే పాతది. రంగు ఎంత వెలిసిందో నాకు తెలియదు. నాకు ఊహ తెలిసేసరికే ఆ రంగు వేయడం ఆగిపోయింది, కొత్తది గుమ్మంలో మెరవడం నేను చూడలేదు. ఆ ఎరుపు నిజంగా ఎంతో ఎవరికి తెలుసు? రంగు వేసినాయన లేడు, తాతగారు లేరు, నాన్నగారు లేరు. నాకు తెలిసిన ప్రపంచంలో ఆ చీరల్ని కొత్తవిగా చూసినవారు ఒక్కరే, గుమాస్తా కొడుకుగారు. ఆయన పన్నెండో ఏట బడి అయ్యాక కొట్టుకి వచ్చి వాళ్ళ నాన్నకి సాయంగా కొంగు రెండో చివర పట్టుకునేవారు.

ఆదివారం తొమ్మిదింటికి ఫోన్ చేశాను. "మీరొకసారి మా ఇంటికి రావాలి," అన్నాను. వీలుంటే అనలేదు. సాయం అనే మాట వాడలేదు.

"రమ్మన్నారా, అమ్మాయిగారూ? నన్నా?"

"రంగు చూడాలి."

ఎగతాళి చేస్తారని సిద్ధంగా ఉన్నాను. "పావుగంటలో వస్తున్నా," అన్నారు అంతే.

ఆ రోజు మబ్బు లేదు. గరాజ్ తలుపెత్తి బల్ల మీద ల్యాప్‌టాప్‌ను నీడ పడేలా పెట్టాను. ఆయన బూట్ల మంచు దులుపుకుని లోపలికి వచ్చి, ముందు తెర చూడలేదు. గొట్టం దగ్గరికి వెళ్ళి, "ముట్టుకోవచ్చా?" అని అడిగి, ఊడుతున్న కొంగు అంచు కిందికి రెండు అరచేతులూ చాచి, పోగు లాగకుండా ఎత్తి, రెండడుగులు వెనక్కి వేసి ఎండలో నిలబడ్డారు. గొట్టం కదలకుండా నేను పట్టుకున్నాను. చేతులు అలా పెట్టమని ఆయనకి ఎవరూ చెప్పలేదు. వాళ్ళ నాన్న అలాగే పట్టుకునేవాడు.

తర్వాత తెర చూశారు. "దగ్గరగా ఉంది. కానీ ఇది వెలిసినదాని రంగు."

"తెలుసు."

"కొత్తదాన్లో ఎరుపు ఇంకొంచెం ఉండేది. ఎండలో కొంగు ఇలా వంచితే అంచు దగ్గర మెరిసేది. పాత మడత చీలిన చోట లోపలికి చూడండి, అక్కడ వెలవలేదు."

చీలిక దగ్గర, వెలుతురు ఎన్నడూ తగలని చోట, సన్నటి గీతలా అది ఉంది. నేను ఎన్నేళ్ళుగానో చీలికల్ని నష్టంగానే చూశాను. వాటి లోపలికి చూడలేదు. ఆ ఎరుపును చూసుకుంటూ గీత జరిపాను.

"ఇంకొంచెం," అన్నారు. "ఆ. ఆపండి. కాదు, అర వెంట్రుక వెనక్కి."

"అర వెంట్రుక వెనక్కి తెచ్చేంత సన్నంగా ఇది జరగదు."

"మీ తాతగారు జరిపించేవారు."

జరిపాను. తెర మీద ఉన్నది నేరేడు.

తర్వాత ఆయన కమిటీ మనిషి అయ్యారు. "రంగు ఇలాగే ఉంచుదాం. ఆ చీలికలు మాత్రం తీసేద్దాం. చూసేవాళ్ళు పాడైన చీర పెట్టారంటారు."

"అనుకోనివ్వండి."

"మీ గురించే అంటున్నానండి. మీ ఇంటి పరువు."

"మా ఇంటి పరువు చీలికలు పూడ్చుకుంటే నిలిచేది కాదు. ఇప్పుడు మీకు అసలు ఎరుపు ఎక్కడ కనిపించింది?"

ఆయన గడియారం చూసుకున్నారు. పదకొండు దాటింది.

"అయితే నా షరతు ఒకటి," అన్నాను. "ఆటో కొట్టకూడదు. ఒకే లుక్ కోసం మీ కమిటీ వేలు పెట్టకూడదు. కుదరదంటే పేజీ ఖాళీ."

"మీరు నిజంగా ఖాళీగా వదిలేస్తారా?"

"మా నాన్నగారు కొట్టు ఖాళీ చేశారు. పేజీ ఒక లెక్కా?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను దాన్ని అందరికీ తెరుచుకునే ఫైలుగా మార్చే మీట నొక్కాను. అది తయారయ్యేంతవరకు ఇద్దరం మంచు వైపు చూస్తూ నిలబడ్డాం. ఫైలు తన ఫోన్‌లోకి వచ్చాక, ఆయన నా ముందే ప్రింటర్‌కి ఫోన్ చేసి, ఇంగ్లీషులో, ఆఫీసు గొంతుతో చెప్పారు. మా పంతొమ్మిదో పేజీ రంగు ముట్టుకోవద్దు, దేనితోనూ సరిపోల్చవద్దు, అచ్చు నమూనా తనే స్వయంగా వచ్చి పగటిపూట చూస్తానని. ఫోన్ పెట్టేసి నా వైపు చూశారు.

"కిటికీ దగ్గరే చూస్తాను, అమ్మాయిగారూ."

ఈసారి అందులో ఎగతాళి ఉందో లేదో వెతకలేదు. కాఫీ తాగి వెళ్ళమన్నాను. మా ఇంటి అలవాటు ప్రకారం పెద్ద గ్లాసులో ఇచ్చాను.

ఆయన వెళ్ళాక అదే ఫోటో గ్రూపులో పెట్టాను. ఈసారి అందరికీ తెరుచుకుంది. మెచ్చుకోళ్ళు మొదటిసారి వచ్చినన్ని రాలేదు. కాసేపటికి ఒకావిడ రాసింది: "ఆంటీ, మొన్నటి బ్లూనే బాగుంది. పైగా ఇందులో శారీ చిరిగినట్టు కనిపిస్తోంది. ఏ సాఫ్ట్‌వేర్ వాడారు? నాకు పంపండి, నేను ఫిక్స్ చేసిస్తా."

సాఫ్ట్‌వేర్ పేరు రాశాను. దాని కింద, "ఫిక్స్ చేయడానికి ఏమీ లేదమ్మా. చీర అలాగే ఉంది, రంగు ఇదే," అని రాశాను. ఆవిడ బొటనవేలు బొమ్మ పెట్టింది.

ఎండ ఇంకా గుమ్మం దాకా ఉంది. కెమెరా తీసుకుని మళ్ళీ గరాజ్‌లోకి వెళ్ళాను. ఆ సాఫ్ట్‌వేర్‌వాళ్ళు అడిగినట్టు నమూనాలు తీయాలి. పక్కన పెట్టి సరిచూసుకునే రంగురంగుల అట్ట కూడా ఉంటే మంచిదని ఆ పేజీలో రాశారు. నా దగ్గర లేదు. కొంగును పైకి తిప్పి, గొట్టాన్ని వెలుతురులో పెట్టాను.